వీక్ రెఫరెన్సులు, గార్బేజ్ కలెక్షన్: పైథాన్‌లో మెట్టు మెట్టుగా

పాత పుస్తకాల స్కాన్ పేజీలను తెరిచి, మరకలు తుడిచి, మళ్లీ భద్రపరిచే ప్రోగ్రాం ఒకటి నేను పైథాన్‌లో రాసుకున్నాను. ఏ4 పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు వస్తాయి. రంగుల కోసం చుక్కకు 3 బైట్లు వేసుకుంటే, విప్పిన ఒక్క పేజీ మెమరీలో 2,60,99,520 బైట్లు, అంటే సుమారు 26 మెగాబైట్లు పడుతుంది. 300 పేజీల పుస్తకమైతే ఆ లెక్క 7.8 గిగాబైట్లకు చేరుతుంది. ఒక పుస్తకం పని ముగించి రెండోది తెరిచినప్పుడు మొదటి దాని మెమరీ ఖాళీ అవుతుందని నమ్మాను. అది ఖాళీ కాలేదు. రెండో పుస్తకం సగంలో ఉండగానే మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టం నా ప్రోగ్రాంను ఆపేసింది.

అక్కర్లేని మెమరీని తనంతట తానే తిరిగి తీసుకునే గార్బేజ్ కలెక్టర్ ఉన్న భాషలో ఇలా ఎందుకు జరగాలి అన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే వీక్ రెఫరెన్సుల అవసరం దానంతటదే అర్థమవుతుంది. ఒక ఆబ్జెక్టు మనకు ఇక పనికిరాదన్న సంగతి కలెక్టర్‌కు ఎప్పటికీ తెలియదు. నడుస్తున్న ప్రోగ్రాం నుంచి ఆ ఆబ్జెక్టును చేరుకునే దారి ఏదైనా మిగిలి ఉందా లేదా అన్నది మాత్రమే అది చూడగలదు. అందువల్ల మామూలు రెఫరెన్స్, అంటే ఆబ్జెక్టును పట్టుకునే లంకె, ప్రతిదీ, మనం ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, "ఈ ఆబ్జెక్టు బతికి ఉండాలి" అన్న ఒక హక్కు పత్రమే. ఆబ్జెక్టును ఆ హక్కు అడగకుండా గుర్తు పెట్టుకునే మార్గం వీక్ రెఫరెన్స్. కాబట్టి ఏ ఆబ్జెక్టుకు ఎవరు సొంతదారు, ఎవరు కేవలం వాడుకునేవారు అన్నది కాగితం మీద తేల్చుకున్న తర్వాతే కోడ్ ముట్టుకోవాలని నా అభిప్రాయం. కింది మెట్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

పైథాన్ 3లో క్లాసులకు, వేరియబుళ్లకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు కనుక, ఇక్కడ నేను చెప్పే పుస్తకం, పేజీ అనే క్లాసులను అవే పేర్లతో తెలుగులో టైపు చేసినా నడుస్తాయి. ప్రయోగాలన్నీ సిపైథాన్ మీద, అంటే పైథాన్‌కు అందరూ మామూలుగా వాడే అమలు మీద, చేసినవని గుర్తుంచుకోండి. పైపై వంటి ఇతర అమలుల్లో తేడా ఎక్కడ వస్తుందో ఆయా చోట్ల చెబుతాను.

మొదటి మెట్టు: లెక్కను కళ్లారా చూడటం

మెమరీని తిరిగి తీసుకునే రెండు ప్రధాన పద్ధతులూ 1960లోనే అచ్చయ్యాయి. లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ ప్రతిపాదించినది చేరుకోగల ఆబ్జెక్టులన్నింటికీ గుర్తు పెట్టి, గుర్తు లేనివాటిని ఏరేసే పద్ధతి. జార్జ్ కాలిన్స్ ప్రతిపాదించినది ప్రతి ఆబ్జెక్టునూ ఎంతమంది పట్టుకుని ఉన్నారో లెక్కపెట్టి, లెక్క సున్నా కాగానే విడుదల చేసే పద్ధతి. సిపైథాన్ ప్రధానంగా ఈ రెండో పద్ధతి మీద నడుస్తుంది. జావా వర్చువల్ మెషీన్లు మొదటి దారిలో వచ్చిన పద్ధతులను వాడతాయి.

ఒక పేజీ ఆబ్జెక్టును సృష్టించి, సిస్ మాడ్యూలులోని గెట్‌రెఫ్‌కౌంట్ ఫంక్షన్‌కు ఇవ్వండి. సాధారణంగా 2 వస్తుంది. ఒకటి మీ వేరియబుల్‌ది, రెండోది ఆ ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంటుగా వెళ్లడం వల్ల తాత్కాలికంగా ఏర్పడినది. ఆ పేజీని ఒక లిస్టులో చేర్చి మళ్లీ అడిగితే 3 వస్తుంది, లిస్టులోంచి తీసేస్తే తిరిగి 2 అవుతుంది. ఈ అంకె పైథాన్ వెర్షన్‌ను బట్టి కొంత మారుతుంది, పైగా 3.12 నుంచి చిన్న పూర్ణాంకాల వంటి కొన్ని ఆబ్జెక్టులకు లెక్క అసలు మారదు. అందువల్ల అంకె ఎంత అన్నదానికన్నా అది పెరిగిందా తగ్గిందా అన్నదే చూసుకోండి.

ఇక్కడ కొత్తవారు తరచుగా తడబడే చోటు ఒకటుంది. ఇంటరాక్టివ్ ప్రాంప్ట్‌లో మీరు ఏదైనా పేరునో లెక్కనో టైపు చేసి దాని విలువను తెర మీద చూస్తే, పైథాన్ ఆ చివరి విలువను ఒంటి అండర్‌స్కోర్ పేరుతో దాచి ఉంచుతుంది. ఆబ్జెక్టును డిలీట్ చేసినా అది పోలేదని గంటసేపు వెతికి, చివరికి ఆ అండర్‌స్కోరే దాన్ని పట్టుకుని ఉందని తెలుసుకున్నవారిలో నేనూ ఒకణ్ని. మెమరీ ప్రయోగాలను ప్రాంప్ట్‌లో కాక ఫైలులో రాసి నడపడం మేలు.

రెండో మెట్టు: వలయాన్ని పట్టుకోవడం

నా ప్రోగ్రాంలో పుస్తకం ఆబ్జెక్టు దగ్గర పేజీల లిస్టు ఉండేది. ప్రతి పేజీకీ తాను ఏ పుస్తకానికి చెందినదో తెలియాలి కనుక, పేజీలో కూడా పుస్తకానికి ఒక రెఫరెన్స్ పెట్టాను. పుస్తకం పేజీలను పట్టుకుంది, పేజీలు పుస్తకాన్ని పట్టుకున్నాయి. బయట ఉన్న వేరియబుల్‌ను డిలీట్ చేసినా లోపలి లెక్క సున్నాకు రాదు. రెఫరెన్సుల లెక్క మీద మాత్రమే ఆధారపడిన ఏ వ్యవస్థనైనా ఇలాంటి వలయం ఓడిస్తుంది.

ఈ లోటు తీర్చడానికే 2000లో వచ్చిన పైథాన్ 2.0లో వలయాలను వెతికే కలెక్టర్‌ను చేర్చారు. దాన్ని చూడాలంటే జీసీ మాడ్యూలును ఇంపోర్ట్ చేసి, డిసేబుల్ ఫంక్షన్‌తో దాన్ని ఆపి, పుస్తకం, పేజీల వలయాన్ని సృష్టించి, వేరియబుల్‌ను డిలీట్ చేసి, ఆ తర్వాత కలెక్ట్ ఫంక్షన్‌ను పిలవండి. ఎన్ని ఆబ్జెక్టులు చేరుకోలేని స్థితిలో దొరికాయో ఆ ఫంక్షన్ తిరిగి ఇచ్చే అంకె చెబుతుంది. అది సున్నా కాకపోతే మీ డిజైన్‌లో వలయాలున్నాయన్నమాట.

వలయాలను ఏరే కలెక్టర్ ఉన్నప్పుడు నా ప్రోగ్రాం ఎందుకు కూలిపోయింది? ఈ సంగతి చాలా పాఠాల్లో కనిపించదు కనుక కాస్త వివరంగా చెబుతాను. సిపైథాన్‌లో ఈ కలెక్టర్ బైట్లను లెక్కపెట్టదు. ఇతర ఆబ్జెక్టులను తమలో పట్టుకోగల ఆబ్జెక్టులు, అంటే లిస్టులు, డిక్షనరీలు, క్లాస్ ఇన్‌స్టెన్సులు, కొత్తగా పుట్టినవాటికీ పోయినవాటికీ మధ్య తేడా ఒక పరిమితిని దాటినప్పుడే అది మేలుకుంటుంది. ఆ పరిమితి ఏళ్ల తరబడి 700గా ఉండేది. మీ వెర్షన్‌లో ఎంతో జీసీ మాడ్యూలులోని గెట్‌థ్రెషోల్డ్ చెబుతుంది. 300 పేజీల పుస్తకంలో ఇలాంటి ఆబ్జెక్టులు కొన్ని వందలే ఉంటాయి. పిక్సెళ్లను మోసే బైట్స్ ఆబ్జెక్టులు వేరే దేన్నీ పట్టుకోలేవు కనుక అవి ఆ లెక్కలోకే రావు. పైగా కలెక్టర్ ఆబ్జెక్టులను వయసును బట్టి తరాలుగా విడదీస్తుంది: ఒక విడత పరీక్షలో బతికి బయటపడిన ఆబ్జెక్టు తర్వాతి తరానికి మారుతుంది, పాత తరాన్ని కలెక్టర్ చాలా అరుదుగా తిరగేస్తుంది. పుస్తకం పని నడుస్తున్నంతసేపూ బతికి ఉన్న పేజీలు పాత తరంలోకి చేరిపోయాయి, ఆ తర్వాత 7.8 గిగాబైట్లూ చెత్తగా మారినా కలెక్టర్ దృష్టికి అవి కొన్ని వందల వస్తువులు మాత్రమే.

ప్రతి పుస్తకం తర్వాతా కలెక్ట్‌ను చేత్తో పిలిస్తే లక్షణం తగ్గుతుంది. కానీ అసలు తప్పు డిజైన్‌లో ఉంది: పేజీ పుస్తకానికి సొంతదారు కాదు, అయినా సొంతదారులాగా దాన్ని పట్టుకుని కూర్చుంది.

మూడో మెట్టు: వెనక్కి చూసే లంకెను బలహీనం చేయడం

వీక్‌రెఫ్ మాడ్యూలు 2001లో పైథాన్ 2.1తో వచ్చింది. అందులోని రెఫ్‌కు ఆబ్జెక్టును ఇస్తే మీ చేతికి ఒక చిన్న ఆబ్జెక్టు వస్తుంది. దాన్ని ఫంక్షన్ లాగా, ఖాళీ బ్రాకెట్లతో, పిలిచినప్పుడు అసలు ఆబ్జెక్టు బతికి ఉంటే అదే వస్తుంది, లేకపోతే నన్, అంటే ఏమీ లేదని చెప్పే విలువ, వస్తుంది. పేజీ క్లాసులో పుస్తకాన్ని నేరుగా దాచడం మాని, దాని వీక్ రెఫరెన్సును ఒక అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేరుతో దాచండి. తర్వాత పుస్తకం అనే పేరుతో ఒక ప్రాపర్టీ రాసి, అందులో ఆ రెఫరెన్సును పిలిచి ఫలితాన్ని తిరిగి ఇవ్వండి. పేజీని వాడే మిగతా కోడ్ ఒక్క అక్షరం కూడా మారదు.

ఇంత మార్పుతోనే నా ప్రోగ్రాంలో పుస్తకం వేరియబుల్‌ను వదిలిన క్షణంలో దాని లెక్క సున్నా అయింది, దానితోపాటు పేజీల లిస్టు, పేజీలు, వాటి బొమ్మలు వరుసగా విడుదలయ్యాయి. వలయాల కలెక్టర్‌కు పని పడలేదు.

ఫలితాన్ని వాడే పద్ధతిలో ఒక క్రమశిక్షణ అవసరం. రెఫరెన్సును ఒక్కసారే పిలిచి, వచ్చినదాన్ని లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుని, అది నన్ అవునా కాదా చూసి, ఆ వేరియబుల్‌నే వాడండి. బతికి ఉందా అని చూడటానికి ఒకసారి, పని చేయించడానికి ఇంకోసారి పిలిస్తే, ఆ రెండింటి మధ్యలో మరో థ్రెడ్ చివరి పట్టును వదిలే అవకాశం ఉంది. పరీక్ష కూడా "నన్ కాదు" అన్న రూపంలోనే ఉండాలి. పుస్తకం క్లాసుకు పొడవు చెప్పే మెథడ్ రాసి ఉంటే, పేజీలు లేని పుస్తకం బతికి ఉన్నా ఇఫ్ పరీక్షలో అబద్ధంగా తేలుతుంది.

దిశ తప్పితే ఏమవుతుందో కూడా చూసుకోండి. పుస్తకం తన పేజీలను బలహీనంగా పట్టుకుంటే, పేజీలు పుట్టిన వెంటనే మాయమవుతాయి, ఎందుకంటే వాటిని గట్టిగా పట్టుకున్నవారు ఇంకెవరూ లేరు. దిశ సరిగ్గా ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది: ఒక ఫంక్షన్ పుస్తకాన్ని తెరిచి, మొదటి పేజీని మాత్రమే తిరిగి ఇచ్చిందనుకోండి. ఫంక్షన్ ముగియగానే పుస్తకం పోతుంది, మీ చేతిలోని పేజీని తన పుస్తకం ఏదని అడిగితే నన్ అంటుంది. ఇది పైథాన్ లోపం కాదు. పుస్తకం బతికి ఉండాలంటే దాన్ని పట్టుకునే సొంతదారు ఒకరు ఉండాలని మీరు నిర్ణయించారు, ఆ ఫంక్షన్ ఆ నిర్ణయాన్ని పాటించలేదు.

అన్ని ఆబ్జెక్టులకూ వీక్ రెఫరెన్స్ కుదరదు. మామూలు లిస్టుకు, డిక్షనరీకి ఇవ్వబోతే టైప్‌ఎర్రర్ వస్తుంది, వాటి నుంచి మీరు సొంత క్లాసు తయారుచేసుకుంటే పనిచేస్తుంది. పూర్ణాంకాలు, టపుల్స్ విషయంలో సిపైథాన్‌లో ఆ ఉపాయం కూడా పారదు. బైట్స్‌కూ నేరుగా కుదరదు కనుక, నేను పిక్సెళ్లను పేజీబొమ్మ అనే చిన్న క్లాసులో చుట్టాను. మీ క్లాసులో స్లాట్స్ (ఆబ్జెక్టుకు ఉండే పేర్లను ముందే ఖరారు చేసే జాబితా) వాడితే, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో వీక్‌రెఫ్ అన్న పేరును కూడా ఆ జాబితాలో చేర్చాలి. స్లాట్స్‌తో డేటాక్లాసులు వాడేవారికి 3.11 నుంచి వీక్‌రెఫ్_స్లాట్ అనే ఆప్షన్ ఉంది.

నాలుగో మెట్టు: క్యాష్‌ను సరిగ్గా కట్టుకోవడం

వీక్ రెఫరెన్సుల వాడకంలో నేను ఎక్కువగా చూసిన అపార్థం ఇక్కడే ఉంది. ఒకే పేజీని ప్రివ్యూ విండో, ఎడిటర్, ముద్రణ భాగం మూడూ అడిగితే మూడు సార్లు విప్పకుండా ఒకే బొమ్మను పంచుకోవాలి. దీనికి వీక్‌వేల్యూడిక్షనరీ సరిగ్గా సరిపోతుంది. పుస్తకం పేరు, పేజీ సంఖ్య కలిసిన టపుల్‌ను కీగా, పేజీబొమ్మను విలువగా పెట్టండి. ఆ బొమ్మను వాడేవారందరూ వదిలేయగానే ఆ కీ, విలువ ఉన్న వరుస డిక్షనరీలోంచి తనంతట తానే పోతుంది. వెతికేటప్పుడు గెట్‌తో ఒకేసారి తెచ్చుకుని నన్ పరీక్ష చేయండి. "కీ ఉందా" అని అడిగి తర్వాత తీయడం మూడో మెట్టులో చెప్పిన పొరపాటే.

అయితే దీన్ని మామూలు క్యాష్ (మళ్లీ అవసరం పడవచ్చని ఫలితాలను దాచి ఉంచే చోటు) అనుకుని పెట్టుకున్నవారు నిరాశపడతారు. సిపైథాన్‌లో చివరి వాడకందారు వదిలిన క్షణంలోనే బొమ్మ పోతుంది కనుక, వాడుకరి తర్వాతి పేజీకి వెళ్లి, వెంటనే వెనక్కి వస్తే మళ్లీ మొదటి నుంచి విప్పాల్సిందే. ఈ డిక్షనరీ ఇచ్చేది పంచుకోవడం మాత్రమే. దాచి ఉంచడం దాని పని కాదు. దాచడానికి సాధారణంగా ఎంచుకునేది ఫంక్‌టూల్స్‌లోని ఎల్ఆర్‌యూ_క్యాష్. అది విలువలను గట్టిగా పట్టుకుంటుంది, మీరు పరిమితి చెప్పకపోతే 128 వరకు దాస్తుంది. మన పేజీలతో అది 3.3 గిగాబైట్లు. దాన్ని క్లాసు మెథడ్ మీద పెడితే సెల్ఫ్ కూడా కీలో భాగమై, ఆ వరుస క్యాష్‌లో ఉన్నంతకాలం ఆ ఆబ్జెక్టు కూడా విడుదల కాదు.

నేను చివరకు స్థిరపడిన ఏర్పాటులో రెండు భాగాలున్నాయి. పంచుకోవడానికి వీక్‌వేల్యూడిక్షనరీ, ఇటీవలి పేజీలను గట్టిగా పట్టుకోవడానికి కలెక్షన్స్ మాడ్యూలులోని డెక్ (రెండు చివరలా చేర్చి, తీయగల వరుస), గరిష్ఠ పొడవు 5. పేజీని అడిగిన ప్రతిసారీ డిక్షనరీలో చూస్తాను, లేకపోతే విప్పి అందులో పెడతాను, ఏదైనా సరే ఆ బొమ్మను డెక్ చివర చేరుస్తాను. ఆరోది చేరగానే మొదటిది డెక్‌లోంచి జారిపోతుంది. దాన్ని ఇంకెవరూ వాడకపోతే అప్పుడే విడుదలవుతుంది, ఎవరైనా వాడుతుంటే డిక్షనరీలో దొరుకుతూనే ఉంటుంది. క్యాష్ కోసం నేను పెట్టే ఖర్చు 131 మెగాబైట్లకు మించదని ఇప్పుడు ఖచ్చితంగా చెప్పగలను.

జావా వాడేవారికి ఇక్కడ మరో వెసులుబాటు ఉంది. 1998లో వచ్చిన జేడీకే 1.2 వీక్‌రెఫరెన్స్‌తోపాటు సాఫ్ట్‌రెఫరెన్స్, ఫాంటమ్‌రెఫరెన్స్‌లను కూడా తెచ్చింది. సాఫ్ట్ రెఫరెన్స్ పట్టులో మాత్రమే మిగిలిన ఆబ్జెక్టును కలెక్టర్ మెమరీ అవసరం పడేదాకా ఉంచవచ్చు. అవుట్‌ఆఫ్‌మెమరీఎర్రర్ విసిరేలోపు మాత్రం అలాంటివాటిని తప్పనిసరిగా వదిలేస్తుంది. పైథాన్‌లో అలాంటిది లేదు, అందుకే ఆ డెక్.

ఇతరుల ఆబ్జెక్టులకు అదనపు సమాచారం తగిలించడానికి వీక్‌కీడిక్షనరీ ఉంది. దానిలో కీ బలహీనం, విలువ గట్టిది. విలువలోంచి మళ్లీ కీకి ఒక గట్టి రెఫరెన్స్ వెళితే ఆ వరుస ఎప్పటికీ పోదు. జావాలోని వీక్‌హ్యాష్‌మ్యాప్‌కూ ఇదే ఇబ్బంది ఉంది. జావాస్క్రిప్ట్‌లో 2015 నుంచి ఉన్న వీక్‌మ్యాప్ ఈ ఉచ్చులో పడదు, అక్కడ విలువ లెక్కలోకి రావాలంటే కీ వేరే దారిలో బతికి ఉండాలి.

ఐదో మెట్టు: వినేవారి జాబితా

పేజీ మారినప్పుడు విండోలకు కబురు అందాలంటే, పేజీ తన దగ్గర వినేవారి జాబితా ఒకటి ఉంచుకోవాలి. జాబితా గట్టిదైతే మూసేసిన విండోలన్నీ మెమరీలో నిలిచిపోతాయి. బలహీనం చేద్దామని విండోలోని గీయి అనే మెథడ్‌కు రెఫ్‌తో వీక్ రెఫరెన్స్ తీసుకుంటే, అది పుట్టుకతోనే చచ్చి ఉంటుంది. కారణం, విండో డాట్ గీయి అని రాసిన ప్రతిసారీ పైథాన్ ఒక కొత్త బౌండ్ మెథడ్ (తన ఆబ్జెక్టుకు ముడిపడిన మెథడ్) ఆబ్జెక్టును తయారుచేస్తుంది, దాన్ని పట్టుకునేవారు లేక అది అక్కడే పోతుంది. 3.4లో వచ్చిన వీక్‌మెథడ్ దీనికోసమే ఉంది. విండో బతికి ఉన్నంతకాలం అది మెథడ్‌ను తిరిగి కట్టి ఇస్తుంది. అక్కడికక్కడ రాసిన లాంబ్డాలకు (పేరు లేని చిన్న ఫంక్షన్లకు) ఈ మందు పనిచేయదు, బలహీన జాబితాలో అవి నిలవవు.

విండో ఎప్పుడు మూసుకుంటుందో మీ కోడ్‌కు తెలిసినప్పుడు, జాబితాలోంచి పేరు కొట్టేసే పిలుపును స్పష్టంగా రాయడమే మేలని నేను నమ్ముతాను. పైపై మీద గానీ జావాలో గానీ, ఎవరికీ అక్కర్లేని విండో కలెక్టర్ వచ్చేదాకా మెమరీలోనే ఉండి, ఆలోగా కబుర్లు అందుకుని, లేని తెర మీద గీయడానికి ప్రయత్నిస్తుంది. వీక్‌మెథడ్‌ను, కొట్టేయడం మరిచిపోయిన సందర్భాలకు రక్షణగా వాడండి.

ఆరో మెట్టు: పోయేటప్పుడు చేయాల్సిన పని

ప్రతి పేజీ డిస్కు మీద ఒక తాత్కాలిక ఫైలును రాస్తుంది, పేజీ పోయినప్పుడు ఆ ఫైలు కూడా పోవాలి. వీక్‌రెఫ్ మాడ్యూలులోని ఫైనలైజ్‌కు మూడు సంగతులు చెప్పండి: ఏ ఆబ్జెక్టు పోయినప్పుడు, ఏ ఫంక్షన్‌ను, ఏ ఆర్గ్యుమెంట్లతో పిలవాలి. నా విషయంలో అవి పేజీ, ఓఎస్ మాడ్యూలులోని రిమూవ్, ఫైలు దారి. ప్రోగ్రాం మామూలుగా ముగిసేటప్పటికి బతికి ఉన్న పేజీల పనిని కూడా ఇది పూర్తిచేస్తుంది. మీరే ముందుగా పిలిచినా సరే, పని ఒక్కసారే జరుగుతుంది.

ఆ ఫంక్షన్‌గా పేజీ సొంత మెథడ్‌ను మాత్రం ఇవ్వకండి. బౌండ్ మెథడ్ తన ఆబ్జెక్టును గట్టిగా పట్టుకుంటుంది, ఫైనలైజ్ ఆ మెథడ్‌ను పట్టుకుంటుంది, కాబట్టి పేజీ ప్రోగ్రాం ముగిసేదాకా పోదు. ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో రాసే డెల్ మెథడ్ కూడా ఉంది గానీ, 3.4కు ముందు అది ఉన్న ఆబ్జెక్టులు వలయంలో చిక్కితే కలెక్టర్ వాటిని విడుదల చేయలేక పక్కన పెట్టేది. ఇప్పుడు ఆ ఇబ్బంది తీరినా నేను ఫైనలైజ్‌నే ఎంచుకుంటాను. ఫైళ్లు, డేటాబేస్ కనెక్షన్ల వంటివాటికి రెండూ అక్కర్లేదు, విత్ బ్లాకే సరైన చోటు.

ఏడో మెట్టు: పోయిందని రుజువు చేసుకోవడం

ఆబ్జెక్టు విడుదలైందని ఊహించకుండా పరీక్ష రాయండి. పుస్తకాన్ని సృష్టించి, దానికి ఒక వీక్ రెఫరెన్స్ తీసుకుని, వేరియబుల్‌ను డిలీట్ చేసి, రెఫరెన్స్ నన్ ఇస్తోందని అసర్ట్ చేయండి. మధ్యలో కలెక్ట్ పిలవకుండానే ఈ పరీక్ష నెగ్గితే వలయం లేదన్నమాట. కలెక్ట్ తర్వాతే నెగ్గితే వలయం ఇంకా ఎక్కడో ఉంది. కలెక్ట్ తర్వాత కూడా ఓడితే ఎవరో దాన్ని నిజంగానే పట్టుకుని ఉన్నారు. పైపైలో మాత్రం రెఫరెన్సుల లెక్క లేదు కనుక అక్కడ కలెక్ట్ తప్పనిసరి.

పట్టుకున్నది ఎవరో తెలుసుకోవడానికి జీసీ మాడ్యూలులోని గెట్_రెఫరర్స్‌కు ఆ ఆబ్జెక్టును ఇస్తే, దాన్ని నేరుగా పట్టుకున్న లిస్టులు, డిక్షనరీలు, ఇన్‌స్టెన్సులు బయటపడతాయి. మెమరీ కోడ్‌లోని ఏ వరుస దగ్గర పుట్టిందో చూడాలంటే ట్రేస్‌మాలాక్‌ను మొదలుపెట్టి, పుస్తకానికి ముందొకటి, తర్వాతొకటి స్నాప్‌షాట్ తీసి పోల్చండి.

నా ప్రోగ్రాంలో వలయం తొలగాక కూడా ప్రతి పుస్తకం తర్వాతా సరిగ్గా 26 మెగాబైట్లు మిగిలిపోయేవి. ఒక పేజీ బరువు ఆ అంకెతో సరిపోలడం వల్ల వెతకడం సులువైంది. పైథాన్‌లో ఫర్ లూప్ ముగిసినా లూప్ వేరియబుల్ బతికే ఉంటుంది, అందులో చివరి పేజీ ఉండిపోయింది. లూప్‌ను ఒక ఫంక్షన్‌లోకి మార్చిన తర్వాత, ఫంక్షన్ ముగియగానే ఆ పేరూ పోయింది, 300వ పేజీ కూడా విడుదలైంది.